దీవి అన్నావు, సముద్రమేదీ?

అమ్మ సింగపూర్ వచ్చిన మొదటి వారంలోనే, బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్ వంటింటి కిటికీ దగ్గర నిలబడి అడిగింది.

“దీవి అన్నావు కదే. సముద్రమేదీ?”

ఆ కిటికీలోంచి ఎదుటి బ్లాకూ, దాని కిటికీల బయట గెడలకు ఆరేసిన బట్టలూ, కింద కారు పార్కూ మాత్రమే కనిపించేవి. రెండు బ్లాకుల నడుమ నుంచి కొత్తగా వేసిన చిన్న రైలు వెళ్ళేది. ఇళ్ళకు దగ్గరగా వచ్చినప్పుడల్లా దాని అద్దాలు వాటంతటవే తెల్లగా మసకబారేవి, లోపలివాళ్ళు ఇళ్ళలోకి చూడకుండా. అమ్మ ఆ రైలును కాసేపు చూసి, “దీనికేటి, మనల్ని సూస్తే సిగ్గా?” అని కిటికీ దగ్గర నుంచి వచ్చేసింది.

నాకప్పుడు ఏడో నెల. కాన్పుకు పుట్టింటికి నేను వెళ్ళాల్సింది. ఉద్యోగం వదిలి కదలలేనంటే పుట్టిల్లే నా దగ్గరికి వచ్చింది. భీమిలి పక్కన చేపలు పట్టుకునే ఊరు మాది. నాన్నా అన్నయ్యలూ వేటకు వెళితే, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని కాలనీల వెంట తిరిగి చేపలు అమ్మేది. అలా తిరిగిన మనిషి ఇక్కడ కాలు నిలవక ఇంట్లోంచి కారిడార్‌లోకి, కారిడార్‌లోంచి ఇంట్లోకి తిరిగేది. కింద మార్కెట్‌కు తీసుకెళితే చేప మొప్పలు ఎత్తి చూడబోయింది. కొట్టతను చెయ్యి అడ్డం పెట్టి “ఆంటీ, డోంట్ టచ్ లా” అన్నాడు. ఇంటికి వచ్చేదాకా అమ్మ ఆ మాటే తలుచుకుని రుసరుసలాడింది. “ముట్టుకోకుండా సేపనెలాగ కొంటారే? పెళ్ళిసూపులేటి?”

అమ్మ ఒక్కతే అలా ఉందనుకుంటే పొరపాటు. ఆ రోజుల్లో మా తెలుగువాళ్ళలో ఎవరి కాలూ ఒకచోట నిలిచేది కాదు. శనివారం క్లెమెంటిలో ఎవరో ఒకరి గదిలో కలిస్తే బిర్యానీ తింటూ మాట్లాడుకునేది ఒక్కటే. ఎవరికి వీసా స్టాంపింగ్ అయింది, ఎవరు సిడ్నీ వెళుతున్నారు, ఎవరు ఏ కంపెనీలోంచి ఏ కంపెనీలోకి దూకారు. సోఫా కొందామంటే, “ఎందుకు, ఆరు నెలల్లో వెళ్ళిపోతాంగా” అనేవాడు మా ఆయన. అలా పరుపు నేల మీదే పరుచుకుని మూడేళ్ళు గడిపాం. 2000 సంవత్సరం మొదట్లో ఆయనకు అమెరికా ప్రాజెక్టు వచ్చి వెళ్ళిపోయాడు. ఫోన్ చేసినప్పుడల్లా, “డెలివరీ కాగానే నువ్వూ వచ్చెయ్” అనేవాడు. సరే అనేదాన్ని. ఫోన్ పెట్టేశాక నాకు ఏ పనీ తోచేది కాదు. వెళ్ళాలని ఉండేది. ఎక్కడో ఒకచోట ఇక చాలనుకుని కూర్చోవాలనీ ఉండేది. రెండూ ఒకేసారి.

ఆఫీసులో నా పని కూడా దూరదేశపుదే. అలాస్కా తీరాన ఒక చిన్న దీవిలో చేపల ఫ్యాక్టరీ ఉండేది. ఏ పడవ ఎప్పుడు ఒడ్డుకొచ్చింది, ఏ చేప ఎంత తెచ్చింది, అది ఏ డబ్బాల్లోకి వెళ్ళింది, ఇదంతా వెబ్‌లో కనిపించాలని వాళ్ళ కోరిక. ఆ ఏడాది ప్రపంచంలో ప్రతివాళ్ళకూ అదే కోరిక. ఆ ప్రోగ్రామ్ రాస్తున్నది నేనూ, ఇంకో ఇద్దరూ. ఫ్యాక్టరీ తరఫున ఆఫీసు చూసుకునే ఒక పెద్దావిడ మాతో ఫోన్‌లో మాట్లాడేది. మా ఉదయం వాళ్ళకు నిన్నటి మధ్యాహ్నం. “రేపు ఎలా ఉంది?” అని నవ్వుతూ మొదలుపెట్టేది.

ఆ దీవి గురించి నాకు తెలిసిందంతా ఆవిడ మాటల్లోనే. నూరేళ్ళ కిందట నార్వే నుంచి వచ్చిన జాలరులు కట్టుకున్న ఊరది. దగ్గరలోని హిమానీనదం నుంచి మంచుగడ్డలు విరిగి తేలి వచ్చేవట. చేపల మీద వేయడానికి మంచు ఊరికే దొరుకుతుంది కదా అని అక్కడే ఆగిపోయారు. కొండలూ, నీళ్ళ పాయలూ అచ్చం వాళ్ళ ఊరిలాగే ఉండటం ఇంకో కారణం. బయటికి వెళ్ళాలంటే ఓడో విమానమో తప్ప రోడ్డు లేదు. రోజూ వాన. మే నెలలో ఒక పండుగ చేసుకుంటారు. ముత్తవ్వల నాటి బట్టలు వేసుకుని వీధుల్లో ఊరేగుతారు. కిటికీ తలుపుల మీద నార్వే ముగ్గుల్లాంటి పువ్వులు వేసుకుంటారు.

“మీకు నార్వే భాష వచ్చా?” అని ఒకసారి అడిగాను.

“భోజనం ముందు చేసే ప్రార్థన వచ్చు. బిస్కెట్ల పేర్లు వచ్చు. మా అమ్మమ్మ తిట్లు వచ్చు. అంతే” అంది.

ఫిబ్రవరిలో, వాళ్ళకు వేట లేని కాలం చూసి, ప్రోగ్రామ్ పరీక్షించడానికి ఆవిడే సింగపూర్ వచ్చింది. అరవై దాటిన మనిషి. పొడుగు, పెద్ద పెద్ద చేతులు, ఎండకు అప్పుడే ఎర్రబడ్డ ముఖం. మొదటి రోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక మా ఆఫీసు కిటికీ దగ్గరకు వెళ్ళి, అటూ ఇటూ వంగి చూసి అడిగింది.

“ఇది దీవి కదా? నిన్నటి నుంచి చూస్తున్నాను. సముద్రం ఎక్కడ?”

నాకు నవ్వు ఆగలేదు. పక్కవాళ్ళు తిరిగి చూశారు. మా అమ్మ కూడా అచ్చం ఇదే మాట అడిగిందని చెప్పాను.

“మీ అమ్మగారిది ఏ ఊరు?”

“చేపలు పట్టే ఊరే.”

ఆవిడ నన్ను కొత్తగా చూసింది. ఇన్ని నెలలు పడవల గురించి మాట్లాడుకున్నాం, నాకు ఆ సంగతి చెప్పాలని తోచలేదు, ఆవిడకు అడగాలని తోచలేదు. “అయితే ఆదివారం మీ అమ్మగారినీ నన్నూ సముద్రం దగ్గరికి తీసుకెళ్ళు” అంది. పని చెప్పినట్టే చెప్పింది.

ఆదివారం హోటల్ దగ్గర ఆవిడను ఎక్కించుకుని టాక్సీలో చాంగీ బయల్దేరాం. అక్కడి నుంచి ఉబిన్ దీవికి చెక్క పడవలు వెళతాయి. అక్కడ నీళ్ళలో కర్రలు పాతి చేపలు పట్టేవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారని ఎవరో చెప్పారు. అమ్మ ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుంది. వెనక సీట్లో ఇద్దరి మధ్యా నేనూ నా పొట్టా.

అమ్మకు ఊరికే కూర్చోవడం చేతకాదు. “దొరసానమ్మా, మీవోళ్ళు ఆ సలిదేశం ఎందుకెల్లేరని అడుగే” అంది. అడిగాను.

ఆవిడ వాళ్ళ ముత్తవ్వ కథ చెప్పింది. ముత్తాత ముందు వచ్చాడు. రెండేళ్ళ తర్వాత ముత్తవ్వ ఒక చెక్క పెట్టె పట్టుకుని వచ్చింది. ఆ ఊరు ఆమెకు నచ్చలేదు. వాన నచ్చలేదు, చెక్క ఇల్లు నచ్చలేదు, మనుషులు నచ్చలేదు. ప్రతి ఎండాకాలం చివర పెట్టె సర్దుకుని కూర్చునేదట, ఇక వెళ్ళిపోదామని.

నేను తెలుగులో చెబుతూ ఉంటే అమ్మ మధ్యలోనే అందుకుంది. “మరి మొగుడితో సెప్పలేదా?”

“ఏటేటా చెప్పేదట. ఈ వేట అయ్యాక చూద్దాం అనేవాడట.”

అమ్మ పకపకా నవ్వింది. “మొగోళ్ళు ఏ దేశంలోనైనా అదే మాటంటారు సూడు.”

ఈ ప్రాజెక్టు అయ్యాక చూద్దాం అనే మా ఆయన గుర్తొచ్చి నేనూ నవ్వాను. తర్వాత నాకు కావలసిన ప్రశ్న నేను అడిగాను. “చివరికైనా ఆమెకు ఆ ఊరు నచ్చిందా?”

“లేదు” అంది ఆవిడ. “ఎప్పటికీ నచ్చలేదు. నచ్చింది మా అమ్మకు. నాకు. ఆమెకు మాత్రం నచ్చలేదు. అలాగే పోయింది.”

ఇంకేదైనా చెబుతుందేమో అని చూశాను. ఆవిడ కిటికీలోంచి చాంగీ చెట్లు చూస్తోంది. పొట్టలో బిడ్డ ఒక్క తన్ను తన్నింది. నేను సర్దుకుని కూర్చున్నాను.

జెట్టీ దగ్గర దిగగానే ఇద్దరూ ఒకేసారి గాలి పీల్చారు. ఉప్పువాసన, డీజిల్ వాసన, ఎక్కడో ఎండుచేపల వాసన. అమ్మ ముఖం సింగపూర్ వచ్చాక మొదటిసారి తేటపడింది. పడవవాడు ఒక ముసలి చైనావాడు. పన్నెండుమంది నిండితే గానీ బయల్దేరడు. అప్పటికే పదిమంది కూర్చుని ఉన్నారు. దొరసానమ్మ చెక్క మెట్టు మీద నుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పడవలోకి దిగి, పడవ ఊగుతుంటే దానితో పాటే ఊగి నిలబడింది. అమ్మ అది చూసి నోరు తెరిచింది.

నేను దిగబోతే అమ్మ జబ్బ పట్టుకుని ఆపేసింది.

“నీకు మతి పోయిందేటే? కడుపుతో ఉన్నదానివి తెప్పెక్కుతావా?”

“అది తెప్ప కాదమ్మా, పదినిమిషాల ప్రయాణం. అందరూ ఎక్కుతారు.”

“అందరి సంగతీ నాకొద్దు. ఆడోళ్ళు ఎక్కకూడదు. గంగమ్మ ఒప్పుకోదు. నీ నాన్న తెప్ప మీద ఏనాడైనా కాలెట్టేనా నాను?”

అది నిజం. సముద్రం ఒడ్డునే పుట్టి, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, దాని చేపలమ్మి బతికిన మనిషి ఏనాడూ పడవ ఎక్కలేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళెవరూ ఎక్కరు. ఒడ్డు దాకానే వాళ్ళ రాజ్యం. చిన్నప్పుడు ఆ సంగతి నాకు వింతగా అనిపించలేదు. ఇప్పుడు పడవలో నిలబడ్డ ఆ పొడుగాటి మనిషిని చూస్తుంటే వింతగా ఉంది.

పడవవాడు వేలు ఒకటి పైకెత్తి అరిచాడు. “ఒన్ మోర్! ఒన్ మోర్, కెన్ గో!”

“ఏటంటన్నాడు?” అంది అమ్మ.

“ఇంకొక్కరు ఎక్కితే బయల్దేరతాడట.”

పడవలోవాళ్ళందరూ మా వైపు చూస్తున్నారు. దొరసానమ్మ కూడా చూస్తోంది, చెయ్యి మాత్రం చాపలేదు. అమ్మ నా పొట్ట కేసి చూసింది. నీళ్ళ కేసి చూసింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

“నువ్విక్కడే కూకో. కదిలావంటే సంపేస్తాను” అంది.

వంగి, వేళ్ళు నీళ్ళలో ముంచి, ఆ తడి కళ్ళకద్దుకుని పడవలో కాలు పెట్టింది. అది ఊగింది. “వోలమ్మో” అంటూ కూలబడింది. దొరసానమ్మ పక్కన చేరి భుజం మీద చెయ్యి వేసింది. ఇంజను డబడబమంది. నేను ఏదో అరవబోయే లోపలే పడవ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. అమ్మ దగ్గర ఫోన్ లేదు, పాస్‌పోర్టు నా బ్యాగులో ఉంది.

పక్కనే తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో ఒక టేబుల్ చూసుకుని, ముగ్గురికీ చోటు ఉంచడానికి టిష్యూ పొట్లం పెట్టి కూర్చున్నాను. అరగంటలో వస్తారనుకున్నాను. రాలేదు. పడవలు వస్తున్నాయి, సైకిళ్ళతో పిల్లలు దిగుతున్నారు, వీళ్ళు లేరు. లేచి జెట్టీకి వెళ్ళి చూసి రావడం, మళ్ళీ కూర్చోవడం. నడుము నొప్పి మొదలైంది. ఏ నొప్పి వచ్చినా కాన్పు నొప్పేమో అని భయం. అమ్మ పడవలోంచి పడిపోయిందేమో, ఆ దీవిలో తప్పిపోయిందేమో, క్లయింటును పోగొట్టానని ఆఫీసులో ఏం చెప్పాలి. అన్నిటికంటే వింత ఏమిటంటే, నాకు కోపం కూడా వచ్చింది. నన్ను ఒడ్డున కూర్చోబెట్టి అమ్మ వెళ్ళిపోయింది. ఎప్పుడూ వెళ్ళేది నేను. కాలేజీకి, హైదరాబాద్‌కు, ఈ దేశానికి. వెనక నిలబడి చూసేది ఆవిడ. ఇంతకాలం ఆవిడ ఎలా కూర్చుందో నాకు ఆ మధ్యాహ్నం కొంచెం తెలిసింది. అది తెలిసినంత మాత్రాన కోపం తగ్గలేదు.

ఎండ వాలుతుండగా వచ్చారు. అమ్మ పడవ ముందు భాగాన కూర్చుని ఉంది. ముడి ఊడిపోయి జుట్టు గాలికి ఎగురుతోంది. చీర మోకాళ్ళ దాకా తడిసింది. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో పెద్ద పండుగప్ప చేప.

“ఎక్కడికెళ్ళావే అమ్మా? ఇంతసేపా?”

“ఎందుకరుస్తావు? ఎవులో సైనావోడు నీళ్ళల్లో ఇల్లు కట్టుకుని సేపలు పెంచుతున్నాడే. దొరసానమ్మ ఆడితో మాటాడి నన్ను అక్కడికి తీసుకెల్లింది. మొప్పలు పట్టుకు సూసి కొన్నాను” అంది. చివరి మాట గట్టిగా అంది.

ఆ రాత్రి చేప పులుసు కలిపి తింటూ అమ్మ చెప్పిన సంగతి ఇది. తిరిగొచ్చేటప్పుడు దొరసానమ్మ నీళ్ళ కేసి చూస్తూ చాలాసేపు మాట్లాడిందట. మధ్యలో కళ్ళు తుడుచుకుందట. “పాపం, ఆ యమ్మ మొగుడు సముద్రంలో పోయాడే” అంది అమ్మ.

“నీకెలా తెలిసింది? ఇంగ్లీషులో కదా మాట్లాడింది.”

“నీళ్ళకేసి సూసి ఏడుస్తూ మాటాడితే ఇంకేటి మాటాడతారే ఎవులైనా?”

మర్నాడు ఆఫీసులో భయపడుతూనే ఆవిడను అడిగాను. ఆవిడ మొదట ఆశ్చర్యపోయి, తర్వాత టేబుల్ పట్టుకుని నవ్వింది. భర్త నిక్షేపంగా ఉన్నాడట. పోయింది పడవ. పెళ్ళయిన నాటి నుంచీ ఇద్దరూ కలిసి దాని మీదే వేటకు వెళ్ళేవారు. ఆయన మోకాళ్ళు పనిచేయడం మానేశాయి. కొడుకు సియాటిల్‌లో కంప్యూటర్ ఉద్యోగంలో ఉన్నాడు, పడవ వద్దన్నాడు. కిందటి శరదృతువులో అమ్మేశారు. “దాని గురించి ఇంతవరకూ ఎవరితోనూ ఏడవలేదు. మీ అమ్మగారికి ఒక్క మాటా అర్థం కాదు కదా అని చెప్పాను” అంది. ఆగి, “ఆవిడ కూడా నాకేదో చాలాసేపు చెప్పింది. పెళ్ళి గురించి అనుకుంటాను. చాలా నవ్వింది” అంది.

సాయంత్రం అమ్మను అడిగితే, పెళ్ళి కాదట. చేపల గంప దించుకుంటుంటే కాలనీలో కుక్క వెంటపడి, ఒక లెక్చరర్ గారి ప్రహరీ గోడ ఎక్కిన సంగతట. దొరసానమ్మ మొగుడు బతికే ఉన్నాడని చెప్పినా అమ్మ పూర్తిగా నమ్మలేదు. “పడవ కోసం ఎవులైనా అంతలా ఏడుస్తారేటి?” అంది. కాసేపటికి తనే, “ఏడుస్తారులే. మీ నాన్న తుపానుకి తెప్ప పోయినప్పుడు రెండ్రోజులు తిండి తిన్లేదు” అంది.

రెండు వారాలు పరీక్షలు జరిగాయి. ప్రోగ్రామ్ బాగానే పనిచేసింది. వెళ్ళే రోజు ఆవిడ మా ఇంటికి వచ్చి నేల మీద పరుపు మీదే కూర్చుని అన్నం తింది. లేవలేక అమ్మ చెయ్యి పట్టుకుంది. “సోఫా ఎందుకు కొనలేదు?” అని నన్ను అడిగింది. ఎలాగూ వెళ్ళిపోతాం కదా అన్నాను. ఆవిడ తల ఊపింది. గుమ్మం దగ్గర అమ్మను గట్టిగా కౌగిలించుకుంది. కౌగిలింతలు అలవాటు లేని అమ్మ కర్రలా నిలబడి, చివరికి ఆవిడ వీపు మీద రెండు సార్లు తట్టింది, గేదెను తట్టినట్టు.

మే నెలలో పాప పుట్టింది. పాపకు నాలుగో నెల రాకముందే చేపల ఫ్యాక్టరీని ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు కొన్నారు. వాళ్ళకు వాళ్ళ ప్రోగ్రామ్ ఉంది. మాది అవసరం లేదన్నారు. తర్వాత వెబ్ మోజు చల్లారి ఒక్కొక్క క్లయింటూ జారిపోయాడు. నేను సెలవు ముగించుకుని తిరిగి చేరిన కొన్నాళ్ళకే కంపెనీ మూతపడింది. కీబోర్డులూ, కుండీల్లో మొక్కలూ చేతుల్లో పట్టుకుని అందరం లిఫ్ట్ దగ్గర నిలబడ్డాం. కొత్తగా చేరిన ఒకతను, “ఇప్పుడెక్కడికి వెళ్దాం?” అని అడిగాడు. భోజనానికి అనుకున్నారు కొందరు. ఏ దేశానికి అని అనుకున్నారు కొందరు.

అమెరికాలో మా ఆయన ప్రాజెక్టూ ఆగిపోయింది. నేను అక్కడికి వెళ్ళాల్సింది పోయి ఆయనే తిరిగి వచ్చాడు. ఎయిర్‌పోర్టులో మొదటిసారి కూతుర్ని ఎత్తుకుని, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక నా వైపు చూశాడు. ఆ వారంలోనే అమ్మ ఊరికి వెళ్ళిపోయింది. వీసా అయిపోయింది, అన్నయ్యలు పిలుస్తున్నారు. వెళ్ళే ముందు నా చేతిలో ఉన్న పాపను ముద్దు పెట్టుకుంది. “ఎక్కడుంటారో మీ ఇట్టం. ఎక్కడున్నా దీన్ని నీళ్ళకి బయపడనీకు” అంది.

చాలా నెలలు వెతికాక నాకు తువాస్‌లో ఓడలు బాగుచేసే ఒక యార్డు ఆఫీసులో పని దొరికింది. జీతం తక్కువ. పని, స్టోర్సులో ఏ సామాను ఎక్కడుందో చూపించే పాత ప్రోగ్రామ్‌ను బతికించడం. కంపెనీ బస్సులో వెళ్ళాను మొదటి రోజు. బస్సు నిండా శ్రీకాకుళం వైపు కుర్రాళ్ళు, వెల్డర్లు, రాత్రి నిద్ర సరిపోక ఒకరి మీద ఒకరు వాలి ఉన్నారు. నా పక్కనున్నతను కళ్ళు తెరవకుండానే, “ఏ ఊరు మేడమ్?” అని అడిగాడు. చెప్పాను. “అబ్బో, మనోళ్ళే” అని మళ్ళీ నిద్రపోయాడు.

ఆఫీసు గది చిన్నది. కిటికీలోంచి నీళ్ళు తోడేసిన డ్రై డాక్‌లో నిలబెట్టిన ఓడ పొట్ట కనిపిస్తోంది, తుప్పు గోకుతూ దాని మీద మనుషులు. ఓడ పక్క సందులోంచి సన్నగా ఒక పట్టీలా సముద్రం. నాకు ముందు పనిచేసినావిడ డెస్కు ఖాళీ చేస్తూ, “ఎన్నాళ్ళు ఉంటారు ఇక్కడ?” అని మర్యాదకు అడిగింది.

“తెలీదండీ” అన్నాను. నిజంగానే తెలీదు. కుర్చీ ఎత్తు సరిచేసుకుని, పాస్‌వర్డు ఏమిటని ఆవిడను అడిగాను.